జపాన్ నుంచి వచ్చిన మేనల్లుడు బోదె దూకేశాడు, మావాడు దూకలేకపోయాడు. మన పిల్లల కాళ్లలో బలం తక్కువా?

అడిగినవారు: వైనతేయ ఒడ్డు, కోనసీమ

అందరికీ నమస్కారమండి. మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. మా తమ్ముడు ఉద్యోగం మీద నాగోయాలో ఉంటున్నాడు. అక్కడ బడులకు వేసవి సెలవులు ఆగస్టులోనట, అందుకని పిల్లాణ్ణి తీసుకుని పోయిన వారం వచ్చారు. సార్వా ఊడ్పులు అయిపోయాయి, బోదెల నిండా నీళ్లున్నాయి. పొలం చూపిద్దామని ఇద్దరు పిల్లల్నీ తీసుకెళ్లాం. మేనల్లుడు గట్టు మీద నిలబడి పంట బోదె అవతలికి ఒక్క దూకు దూకేశాడు. మావాడు వెనక్కి వెళ్లి పరిగెత్తుకుంటూ వచ్చి కూడా బోదెలోనే పడ్డాడు. దెబ్బ తగల్లేదు కానీ మొహం చిన్నబుచ్చుకున్నాడు. ఆ తర్వాత రెండు రోజులు మళ్లీ పొలం అంటే రానన్నాడు.

నాకు మనసు ఆగక ఇంటికొచ్చాక పెరట్లో కొబ్బరికాయలు ఆరబోసే సిమెంటు గచ్చు మీద సుద్దతో గీత గీసి, నిలబడ్డచోటి నుంచే దూకించి, టేపుతో కొలిచాను. మావాడికి పదకొండేళ్లు, ఎత్తు 145, బరువు 48 కిలోలు. 1 మీటరు 12 సెంటీమీటర్లు దూకాడు. మేనల్లుడిదీ అదే వయసు, మావాడి కంటే పొట్టి, 1 మీటరు 55 దూకాడు. అదే సమయానికి మా వీధి చివరింటి అమ్మాయి పాలు పోయడానికి వచ్చింది. గవర్నమెంటు హైస్కూల్లో ఆరో తరగతి, రోజూ ఏటిగట్టు మీద నడిచి వెళ్తుంది. తనూ దూకుతానంది. 1 మీటరు 46. కాళ్లకు చెప్పులు కూడా లేవు.

మావాడు ప్రైవేటు స్కూలు. ఉదయం ఏడున్నరకి వ్యాను ఇంటి ముందుకే వస్తుంది, సాయంత్రం ఇంటి ముందే దింపుతుంది. తర్వాత ట్యూషను. జబ్బులంటూ ఏమీ లేవు. మా అత్తగారు "ఎదిగే పిల్లాడు, వాడే సర్దుకుంటాడు" అంటారు. మా ఆయన "జపాన్ వాళ్ల జీన్స్ వేరు" అంటారు. మేనల్లుడు పుట్టింది పాలకొల్లులో, ఇక జీన్స్ ఎలా వేరవుతాయో నాకు అర్థం కావడం లేదు.

నాకు తెలియాల్సింది ఏమిటంటే, దేశాల వారీగా పిల్లల కాళ్ల బలం ఎవరైనా కొలిచారా? అందులో మన పిల్లలు ఎక్కడున్నారు? తేడా తిండి వల్లా, పుట్టుక వల్లా, ఇంకేదైనా ఉందా? తెలిసినవాళ్లు చెప్పండి. రాత్రిళ్లు ఇదే టెన్షన్‌గా ఉంటోంది.

జవాబు: డ్రిల్లు మాస్టారు, రాజోలు వైపు

అమ్మా, మీరు టేపు పట్టి కొలవడం చాలా మంచి పని. నేను జిల్లా పరిషత్తు హైస్కూల్లో పీఈటీని. మా దగ్గరకొచ్చే తల్లిదండ్రులు మార్కులు అడుగుతారు, ఎత్తు అడుగుతారు. పిల్లాడు ఎంత దూరం దూకుతాడని అడిగినవాళ్లు అరుదు.

మీరు చేయించిన పరీక్షకు పేరుంది, స్టాండింగ్ బ్రాడ్ జంప్. పరుగు లేకుండా, రెండు కాళ్లూ ఒకేసారి ఎత్తి దూకడం. కాలి బలాన్ని అంచనా వేయడానికి ప్రపంచమంతా వాడేది ఎక్కువగా ఇదే. సుద్ద, టేపు ఉంటే చాలు కాబట్టి. 1912 వరకు ఒలింపిక్స్‌లో ఇదొక పోటీగా కూడా ఉండేది. అమెరికాకు చెందిన రే యూరీ 1904లో 3 మీటర్ల 47 సెంటీమీటర్లు దూకాడు. చిన్నప్పుడు పోలియో వచ్చి చక్రాల కుర్చీలో కూర్చున్న మనిషి ఆయన. కాళ్లకు తనే సాధన పెట్టుకుని, 1900 నుంచి 1908 దాకా మూడు ఒలింపిక్స్‌లో బంగారు పతకాలు కొట్టాడు. మీ వారు పుట్టుక సంగతి ఎత్తారు కాబట్టి ఈ మాట చెబుతున్నాను.

ఇప్పుడు దేశాల సంగతి. జపాన్‌లో 1964 నుంచి, అంటే టోక్యో ఒలింపిక్స్ ఏడాది నుంచి, ఏటా పిల్లల శరీర దారుఢ్యం కొలుస్తున్నారు. చేతి పట్టు, 50 మీటర్ల పరుగు, నిలబడి దూకడం, బంతి విసరడం అన్నీ అందులో ఉన్నాయి. స్లొవేనియా చిన్న దేశం, ఇంచుమించు మన ఒక్క జిల్లా జనాభా అనుకోండి. అక్కడ 1980ల నుంచి ప్రతి ఏప్రిల్‌లో బడి పిల్లల్ని కొలుస్తారు, ఈ దూకుడు అందులోనూ ఉంది. చైనాలో హైస్కూలుకు వెళ్లే ప్రవేశ పరీక్షలోనే వ్యాయామానికి మార్కులు ఉంటాయి. చాలాచోట్ల పిల్లలు ఈ జంపు మీద నెలల తరబడి సాధన చేస్తారు. ఫిన్లాండ్ వాళ్లు కాస్త మార్చి, ఒకదాని వెంట ఒకటి ఐదు దూకులు దూకిస్తారు. దాంతోపాటు మడమలు నేలకు ఆనించి గొంతుక్కూర్చోగలడా లేదా అని కూడా చూస్తారు.

మన దగ్గర 2019లో ఫిట్ ఇండియా అనే కేంద్ర ప్రభుత్వ కార్యక్రమం వచ్చింది, అందులో బడి పిల్లలకు పరీక్షలున్నాయి. నాలుగో తరగతి నుంచి పన్నెండు దాకా 50 మీటర్ల పరుగు, 600 మీటర్ల పరుగు, పొట్ట కండరాల పరీక్ష, పుషప్స్, కూర్చుని ముందుకు వంగడం, బీఎంఐ. ఇవన్నీ మంచివే. కానీ దూకే పరీక్ష లేదు. స్పోర్ట్స్ స్కూల్ ఎంపికకు వెళ్లే పిల్లల్ని దూకిస్తాం, మిగతా క్లాసునంతా దూకించం. పిల్లలందరినీ దూకించి రాసిపెట్టిన లెక్క మన బడుల్లో లేనప్పుడు, జపాన్ పక్కన మనల్ని ఏ వరసలో నిలబెట్టాలి? "మన పిల్లల కాళ్లు బలహీనం" అని గానీ "మనవాళ్లే గట్టివాళ్లు" అని గానీ ఎవరైనా గట్టిగా చెబితే నేను నమ్మను.

దమ్ము, అంటే అలిసిపోకుండా పరిగెత్తే ఓపిక, ఆ విషయంలో మాత్రం పెద్ద పోలిక ఒకటి జరిగింది. 20 మీటర్ల షటిల్ రన్, మా పీఈటీలు బీప్ టెస్ట్ అంటాం. కెనడాకు చెందిన లూక్ లెజే 1980లలో తయారుచేశాడు. బీప్ మోగేలోపు అటు గీత, మళ్లీ బీప్‌కి ఇటు గీత, నిమిషానికొకసారి వేగం పెరుగుతూ పోతుంది. 50 దేశాల్లో పదకొండు లక్షల మందికి పైగా పిల్లల ఫలితాలు ఒకచోట చేర్చి చూస్తే పైన నిలిచినవి టాంజానియా, ఐస్‌లాండ్, ఎస్తోనియా, నార్వే, జపాన్. అట్టడుగున మెక్సికో. అమెరికాది 47వ స్థానం. టాంజానియా ఎక్కడ, ఐస్‌లాండ్ ఎక్కడ? రంగు కలవదు, తిండి కలవదు, డబ్బు అసలే కలవదు. పరిశోధకులకు బాగా ముడిపడినట్టు కనిపించింది దేశం లోపలి అంతరం. ఉన్నవాడికీ లేనివాడికీ మధ్య తేడా ఎక్కువగా ఉన్నచోట పిల్లల దమ్ము తక్కువగా ఉంది.

ఇంకో విషయం, ఇది నాకు చాలా ముఖ్యం. ఏ పరీక్ష పెడితే ఆ పరీక్షను బట్టి దేశం బలంగానో బలహీనంగానో కనిపిస్తుంది. 1950లలో క్రౌస్, వెబర్ అనే ఇద్దరి పేరుతో ఒక పరీక్ష ఉండేది. అమెరికా పిల్లల్లో సగానికి పైగా అందులో తప్పారు. ఇటలీ, ఆస్ట్రియా, స్విట్జర్లాండ్ పిల్లల్లో తప్పినవాళ్లు నూటికి పది మంది లోపే. అమెరికాలో అది పెద్ద గొడవై, అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ 1956లో పిల్లల దారుఢ్యం కోసం ఒక మండలి పెట్టాడు. తర్వాత నిదానంగా చూస్తే, తప్పినవాళ్లలో ఎక్కువమంది తప్పింది మోకాళ్లు వంచకుండా నేల అందుకోవడం దగ్గర. అది వంగే గుణం. బలం వేరు. కాబట్టి అమ్మా, "కాళ్ల బలం" అన్నప్పుడు ఏ బలం అని అడగాలి. ఒక్కసారి ఎగిసే బలమా, గంటసేపు నడిచే బలమా, బరువు మోసే బలమా? గోదావరి లంకల నుంచి వచ్చే మా పిల్లల్లో గడ్డిమోపు నెత్తిన పెట్టుకుని బురదగట్టు మీద జారకుండా నడిచేవాళ్లున్నారు. ఆ బలాన్ని ఏ పట్టికా కొలవదు.

యూరప్ లెక్కల ప్రకారం పదకొండు పన్నెండేళ్ల మగపిల్లలు ఒకటిన్నర మీటరుకు కాస్త అటూ ఇటూగా దూకుతారు. ఆడపిల్లలు దానికి పది పదిహేను సెంటీమీటర్లు తక్కువ. మీ మేనల్లుడు అక్కడ ఉన్నాడు. మీవాడు వెనకబడ్డాడు, దాచేదేమీ లేదు. కానీ మీ గచ్చు మీద మూడు లెక్కలు ఉన్నాయి. మూడోదాన్ని కూడా చూడండి. ఆ అమ్మాయిది జపాన్ కాదు, మీ వీధే.

జవాబు: పాలకొల్లు నుంచి సైతామా

మాస్టారి మాట చదివాక రాయాలనిపించింది. మా ఇద్దరు పిల్లలూ ఇక్కడ జపాన్‌లోనే ఎలిమెంటరీ స్కూలు. జపాన్ వాళ్ల కాళ్లలో ప్రత్యేకమైన ఎముక ఏమీ లేదండి. రోజు ఎలా గడుస్తుందో చెబుతాను, మీకే అర్థమవుతుంది.

ఉదయం వీధి పిల్లలంతా ఒకచోట చేరి, పెద్ద తరగతి వాళ్లు ముందు, చిన్నవాళ్లు వెనక, వరసగా నడిచి బడికి వెళ్తారు. వానైనా మంచైనా అంతే. కార్లో తెచ్చి దింపడం మా బడి ఒప్పుకోదు. వీపున బరువైన తోలు సంచి. బడిలో విరామానికి అందరినీ బయటికి పంపేస్తారు. చలికాలం వస్తే తాడాట. ఒక్కొక్కరికీ ఒక కార్డు ఇస్తారు, ఇన్నిసార్లు ఆగకుండా ఎగిరితే ఒక ముద్ర, వెనక్కి తిప్పుతూ ఎగిరితే ఇంకో ముద్ర. మా చిన్నది ఆ ముద్రల కోసం ఇంటి ముందు చీకటి పడేదాకా ఎగిరేది.

అన్నిటికన్నా నన్ను ఆశ్చర్యపరిచింది బడి శుభ్రం చేసుకోవడం. తరగతి గది పిల్లలే తుడుచుకుంటారు. తడిగుడ్డ రెండు చేతుల కింద నేలకు నొక్కిపెట్టి, నడుము పైకెత్తి, కాళ్లతో తోసుకుంటూ గది ఈ చివర నుంచి ఆ చివరకు పరుగు. ఒకసారి తల్లిదండ్రుల్ని పిలిచిన రోజు నేనూ చేశాను, రెండు వరసలకే తొడలు వణికిపోయాయి. పిల్లలు నవ్వుకుంటూ చేసేస్తారు. దీన్ని వాళ్లు వ్యాయామం అనుకోరు.

అయితే ఇక్కడ అంతా బంగారం అనుకోకండి. ఇక్కడి లెక్కల్లో పిల్లలు బాగా చేసిన కాలం 1985 ప్రాంతం. ఆ తర్వాత చాలా అంశాల్లో తగ్గారు. అందుకే 2008 నుంచి ఐదో తరగతి, ఎనిమిదో తరగతి పిల్లల్ని దేశమంతా ప్రత్యేకంగా కొలుస్తున్నారు. కరోనా తర్వాత మళ్లీ కంగారు. మడమ నేలకు ఆనించి గొంతుక్కూర్చోలేని పిల్లలు పెరిగారని ఇక్కడి డాక్టర్లు బాధపడుతున్నారు. ఇళ్లన్నీ వెస్టర్న్ టాయిలెట్లు కదా. మా పిల్లలు మాత్రం పాలకొల్లు వెళ్లినప్పుడల్లా అమ్మమ్మతో నేల మీద కూర్చుని కూరలు తరగడం వల్లేమో, ఆ ఒక్క పరీక్షలో ముందుంటారు.

ఇంకో సంగతి. మన అమలాపురం కుర్రాడు సాత్విక్ సాయిరాజ్ 2023లో బ్యాడ్మింటన్‌లో గంటకు 565 కిలోమీటర్ల వేగంతో స్మాష్ కొట్టి గిన్నిస్ రికార్డు పెట్టింది ఈ సైతామాలోనే. వార్త చదివి ఆఫీసులో అందరికీ మా గోదావరి కుర్రాడని చెప్పాను. జంప్ స్మాష్ అంటే కాళ్లేగా మాస్టారూ?

జవాబు: ఫిజియోథెరపిస్టు, భీమవరం

వైనతేయ ఒడ్డు గారూ, రోజూ పిల్లల మోకాళ్లు, మడమలు చూసే దాన్ని కాబట్టి కొన్ని విషయాలు చెబుతాను.

ముందు ఒక జాగ్రత్త. బాబు కింద కూర్చున్నవాడు లేచేటప్పుడు ఎలా లేస్తున్నాడో గమనించండి. చేతులు మోకాళ్ల మీద, తర్వాత తొడల మీద ఆనించి, తన ఒంటినే తను ఎక్కుతున్నట్టు లేస్తే, పిక్కలు మరీ లావుగా గట్టిగా ఉంటే, తరచూ పడిపోతుంటే, మునుపు ఎక్కిన మెట్లు ఇప్పుడు ఎక్కలేకపోతుంటే ఆలస్యం చేయకుండా పిల్లల డాక్టరుకు చూపించండి. కండరాల జబ్బులు అలా బయటపడతాయి. మీరు రాసిన దాంట్లో అలాంటివేమీ కనిపించలేదు, అయినా ఒకసారి చూసుకోవడం మంచిది.

ఇక తిండి, పుట్టుక సంగతి. పుణెలో డాక్టర్ యాజ్ఞిక్ బృందం మన దేశపు పసిపిల్లల్ని ఇంగ్లండు పసిపిల్లలతో పోల్చి చూసింది. మన పిల్లలు తక్కువ బరువుతో పుట్టినా ఒంట్లో కొవ్వు అంతగా తగ్గలేదు, తగ్గింది కండ. కాబట్టి మీ వారి మాటలో నిజం బొత్తిగా లేదనను. కానీ అది మొదలు మాత్రమే, కండ తర్వాత కూడా పెరుగుతుంది. మీ మేనల్లుడే అందుకు సాక్ష్యం. ఇంట్లో అన్నం ఎంత, పప్పు, గుడ్డు, చేప, పాలు ఎంత అని ఒక వారం గమనించండి. మన డెల్టాలో కంచం నిండా అన్నం పెట్టి, మూలన కాస్త కూర వేస్తాం. చేపలు ఇంటి ముందుకే వస్తాయి, పిల్లాడికి ముల్లు గుచ్చుకుంటుందని పెట్టం.

రక్తం కూడా చూపించండి. 2016 నుంచి 2018 దాకా దేశమంతా జరిగిన పిల్లల పోషకాహార సర్వేలో ఐదు నుంచి తొమ్మిదేళ్ల పిల్లల్లో దాదాపు నాలుగో వంతుకు, పది దాటినవాళ్లలో అంతకంటే కాస్త ఎక్కువమందికి రక్తహీనత ఉందని తేలింది. పది దాటినవాళ్లలో విటమిన్ డి తక్కువున్నవాళ్లు కూడా ఇంచుమించు నాలుగో వంతు. ఇంత ఎండ కాసే నేల మీద! పొద్దున వ్యాను, పగలు గది, సాయంత్రం ట్యూషను అయితే ఎండ ఎప్పుడు తగులుతుంది చెప్పండి. గవర్నమెంటు బడిలో డొక్కా సీతమ్మ గారి పేరిట పెట్టే మధ్యాహ్న భోజనం, రాగిజావ తాగే పిల్లలకు ఆ మేరకు మేలే. రాగుల్లో వంద గ్రాములకు 340 మిల్లీగ్రాముల పైనే కాల్షియం ఉంటుంది. మీరు ఇంట్లో కాచి ఇవ్వడానికి ఖర్చు కూడా పెద్దగా కాదు.

48 కిలోల బరువు ఆ ఎత్తుకు ఎక్కువే. దూకడమంటే తన బరువును తనే గాల్లోకి లేపడం, అందుకే బరువున్న పిల్లలు ఈ పరీక్షలో వెనకబడతారు. వాళ్ల తొడల్లో అసలు బలం తక్కువని కాదు. కాలు లావుగా ఉంటే బలమనీ, సన్నగా ఉంటే నీరసమనీ కూడా అనుకోకండి. కెన్యాలో దూరపు పరుగులకు పేరుపడ్డ కలెంజిన్ తెగ కుర్రాళ్ల పిక్కలు సన్నగా ఉంటాయి. కాలి చివర బరువు తక్కువ కాబట్టి పరుగులో వాళ్లకు ఖర్చయ్యే శక్తి తక్కువ. దయచేసి మీవాణ్ణి పస్తు పెట్టకండి. ఎదిగే వయసు, పస్తు పెడితే కండ కూడా తగ్గుతుంది.

జవాబు: రావులపాలెం నాన్న

ఆయ్, అందరూ నడిపించండి నడిపించండి అంటున్నారు గానీ ఎక్కడ నడిపించమంటారండి? మా ఇంటికీ బడికీ మధ్య హైవే ఉంది. టిప్పర్లు, ఇసుక లారీలు, ఆటోలు. ఫుట్‌పాత్ అన్నదే లేదు. మా పాపకి తొమ్మిదేళ్లు. సైకిలు కొనిచ్చి కూడా తాళం వేసి పెట్టాను. జపాన్‌లో బండివాళ్లు పిల్లల వరస కోసం ఆగుతారేమో, ఇక్కడ హారన్ కొట్టుకుంటూ పోతారు. వ్యాను మీద తప్పు వేయడం తేలిక. నాకు పాప కాళ్ల బలం కన్నా పాప ముఖ్యం.

జవాబు: డ్రిల్లు మాస్టారు, రాజోలు వైపు

రావులపాలెం నాన్న గారూ, మీరన్నది అక్షరాలా నిజం. మీ స్థానంలో ఉంటే నేనూ పంపను. పిల్లల కాళ్ల గురించి మాట్లాడుతున్నామంటే రోడ్ల గురించి కూడా మాట్లాడాల్సిందే. 2016 లెక్కల ప్రకారం ప్రపంచంలో 11 నుంచి 17 ఏళ్ల పిల్లల్లో నూటికి 81 మందికి రోజుకు గంటసేపైనా ఒళ్లు కదిలించే ఆట లేదు. దక్షిణ కొరియాలో 94 మందికి లేదు. మన దేశంలో 74 మంది దాకా, బంగ్లాదేశ్‌లో 66. మనం కాస్త నయమని సంతోషించడానికి లేదు. అది పిల్లలు రాసిచ్చిన జవాబుల లెక్క, పైగా నూటికి 74 అంటే నా క్లాసులో నలుగురిలో ముగ్గురు. మగపిల్లలు క్రికెట్ వల్ల, ఆడపిల్లలు ఇంటిపని వల్ల కొంత మెరుగ్గా ఉండి ఉంటారని ఆ లెక్క తీసినవాళ్లే రాశారు. ఇంటిపని వల్ల వచ్చిన కదలికను ఆటగా చూసి మురిసిపోవడం నాకు ఇష్టం లేదు.

రోడ్డు లేకపోతే పెరడు ఉంది, బడి ఆవరణ ఉంది, అది కూడా లేకపోతే డాబా ఉంది. తొక్కుడుబిళ్ల గుర్తుందా? ఒంటికాలి మీద ఎగురుతూ, బిళ్లను కాలితో తోస్తూ, గీత తొక్కకుండా గడులన్నీ దాటి రావాలి. ఒక ఆట అయ్యేసరికి ఒక్కో కాలు ఎన్నిసార్లు ఒంటి బరువంతా ఎత్తి దించుతుందో పిల్లలకే తెలియదు. మా బడిలో ఆరో తరగతి వాళ్లకు మొదటి పది నిమిషాలు అదే. మగపిల్లలు మొదట సిగ్గుపడ్డారు. నాలుగు గడులకే కాలు దించేసే సరికి పట్టుదల వచ్చింది. ఇప్పుడు బెల్లు కొట్టినా మానరు. కుందుడు గుమ్మ కూడా అలాంటిదే, ఒంటికాలితో కుంటుతూ తరిమి పట్టుకోవాలి. కోతికొమ్మచ్చికి మామిడిచెట్టు దొరికితే ఇంకా మంచిది. దిగేటప్పుడు దూకుతారు చూడండి, కండకూ ఎముకకూ అది రెండిందాలా పని.

వైనతేయ ఒడ్డు అమ్మా, మీవాడి కోసం రాస్తున్నాను. మొదటి నెల దూకించకండి. గుంజీళ్లతో మొదలుపెట్టండి, శిక్షగా కాదు. మడమలు నేలకు ఆనాలి, వీపు వంగకూడదు, కిందికి నెమ్మదిగా వెళ్లి పైకి చురుగ్గా లేవాలి. పది చేసి ఆగి, మళ్లీ పది. ఒకరోజు తప్పించి ఒకరోజు. మీరూ పక్కన నిలబడి చేయండి, పిల్లాడు ఒంటరిగా చేస్తే వారంలో మానేస్తాడు. తర్వాత అరుగు మీదకి రెండు కాళ్లతో ఎక్కడం, అక్కడి నుంచి మెత్తగా దిగడం. దిగినప్పుడు చప్పుడు రాకూడదు. చప్పుడు వచ్చిందంటే మోకాలు వంచకుండా బిగదీసుకుని దిగాడని అర్థం. అది కుదిరాక తాడాట. ఆ పైన ఇసుకలోనో గడ్డిలోనో దూకుడు. గచ్చు మీద వద్దు.

ఇలాంటివి చేస్తే ఎత్తు పెరగరని మన ఊళ్లలో ఒక భయం ఉంది. అది నిజం కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థే 5 నుంచి 17 ఏళ్ల పిల్లలకు రోజుకు గంటసేపు ఆట, అందులో వారానికి కనీసం మూడు రోజులు కండకూ ఎముకకూ బలమిచ్చే పని ఉండాలంటోంది. ఈ వయసులో బలం పెరిగిందంటే కండ ఉబ్బి కాదు. ఉన్న కండను మెదడు సరిగ్గా పిలవడం నేర్చుకుంటుంది. అందుకే రెండు మూడు నెలల్లోనే తేడా తెలుస్తుంది.

కొలిచేటప్పుడు పద్ధతి తప్పకండి. రెండు పాదాలూ గీతకు వెనక. చేతులు వెనక్కి ఊపి ముందుకు విసరాలి, చాలామంది పిల్లలు చేతులు వాడకే పది సెంటీమీటర్లు పోగొట్టుకుంటారు. గీత నుంచి వెనకపడ్డ మడమ దాకా టేపు. వెనక్కి పడితే ఆ దూకు లెక్కలోకి రాదు. మూడు దూకులు, వాటిలో మంచిది రాయండి. ఎత్తూ బరువూ పక్కనే రాయండి. ఇదంతా ఒక పుస్తకంలో ఉండాలి, గోడ మీద కాదు. మేనల్లుడి అంకె ఆ పుస్తకంలో రాయొద్దు. ఎవరి వేగాన వాళ్లు ఎదిగే వయసు ఇది, ఒకడికి పన్నెండుకే ఎదుగుదల పుంజుకుంటుంది, ఒకడికి పదిహేను దాటాలి.

సైతామా బాబూ, అవును, జంప్ స్మాష్ నేల దగ్గరే మొదలవుతుంది.

వైనతేయ ఒడ్డు

మాస్టారూ, ఫిజియో గారూ, ఇంత ఓపికగా రాసినందుకు మీకు ఎలా కృతజ్ఞత చెప్పాలో తెలియడం లేదు. బాబు నేల మీంచి మామూలుగానే లేస్తున్నాడు, చేతులు ఆనించడం లేదు. రక్తపరీక్షకు సోమవారం తీసుకెళ్తున్నాను. ట్యూషను మాస్టారితో మాట్లాడి అరగంట వెనక్కి జరిపించాను. ఆ అరగంటా పెరట్లోనే ఉండాలని చెప్పాను. తొక్కుడుబిళ్ల గడులు నేనే గీశాను. చివరింటి అమ్మాయిని కూడా రమ్మన్నాను, తను ఉంటే వాడు ఆడతాడు. వాళ్లిద్దరూ కలిసి ఆడితే వాడికి మళ్లీ చిన్నతనంగా అనిపిస్తుందేమో అన్నది ఒక్కటే భయం. తను ఒంటికాలి మీద గడులన్నీ ఆగకుండా వెళ్లొస్తుంది.

డ్రిల్లు మాస్టారు, రాజోలు వైపు

పోటీ పెట్టకండి, సరిపోతుంది. ఇద్దరినీ ఒక జట్టుగా పెట్టి, మీరూ మీ వారూ ఇంకో జట్టుగా ఆడండి.

అమ్మా, ఇంకో మాట. మీరు బాబు గురించి అడిగారు, నా మనసు ఆ అమ్మాయి దగ్గర ఆగిపోయింది. ఆరో తరగతి, చెప్పులు లేవు, ఎవరూ నేర్పలేదు, గచ్చు మీద మొదటిసారి దూకి 1 మీటరు 46. ఆ వయసు ఆడపిల్లకు అది చాలా మంచి దూకు. స్కూల్ గేమ్స్ అండర్-14 మండల స్థాయి ఎంపికలు ఈ రోజుల్లోనే జరుగుతాయి. లాంగ్‌జంప్‌కు పేరు ఇవ్వొచ్చు, వయసు రుజువుకు పుట్టినతేదీ సర్టిఫికెట్టు ఉండాలి. వాళ్ల బడి పీఈటీ ఎవరో కనుక్కుని ఆ అంకె చెప్పండి. వాళ్ల అమ్మానాన్నలతో కూడా మీరే మాట్లాడితే మంచిది, పొరుగింటివాళ్లు చెబితే వింటారు. బడికి పీఈటీ లేకపోతే నాకు ఇక్కడే రాయండి, ఆ మండలంలో ఎవరిని కలవాలో చెబుతాను.